మా బిజిలీని నిలబెట్టిన మీ అందరికీ

పోయిన శనివారం రాత్రి మా గుర్రం బిజిలీకి కడుపునొప్పి వచ్చిందని తెలిసి మా ఇంటికి పరిగెత్తుకొచ్చిన వాళ్లందరికీ పేరుపేరునా దండాలు పెట్టాలని ఉంది. పేర్లు రాస్తే ఊరుకోమని సగం మంది ముందే చెప్పేశారు కాబట్టి, పేర్లు లేకుండానే రాస్తున్నా. అనంతపురంలో మా వీధి వాళ్లకు ఎవరెవరో ఎలాగూ తెలుసు.

బిజిలీ లేచింది, మేస్తోంది. నిన్న సాయంత్రం మా నాయన జేబులో బెల్లంముక్క ఉందని పసిగట్టి చొక్కా కూడా చింపింది.

తెలియని వాళ్లకు చెబుతున్నా, బిజిలీ మా మార్వాడీ ఆడగుర్రం. దాని చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటాయి. మా చిన్నాయన పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. తన మోకాళ్లు పట్టేశాక మాకు అప్పజెప్పాడు. డీజే బాక్సుల ముందు దాన్ని నిలబెట్టడానికి మనసొప్పక మేము ఊరేగింపులు మానేశాం. ఇప్పుడు దానికి ఒకటే డ్యూటీ, మా నాయనను నడిపించడం. షుగరు వచ్చినప్పటి నుంచీ డాక్టరు నడవమని చెబుతూనే ఉన్నాడు, ఈయన తలూపుతూనే ఉన్నాడు. గుర్రం వచ్చాక మాత్రం తెల్లారకముందే పగ్గం పట్టుకుని బయలుదేరుతున్నాడు. షుగరు ఎంత తగ్గిందో నేను చెప్పను, దిష్టి తగులుతుంది. ఇంకో సంగతి. గుర్రం దగ్గర గట్టిగా అరిస్తే అది చెవులు వెనక్కి వాల్చి పక్కకు జరిగిపోతుంది. అందుకని ఆయన గొంతు తగ్గించడం నేర్చుకున్నాడు. ఆ లాభం ఎక్కువగా ముట్టింది మా అమ్మకే.

ఆ రాత్రి సంగతికొస్తా. దాణా ముట్టలేదు. ముందుకాలితో నేల తవ్వుతోంది, తల తిప్పి డొక్క వైపు చూసుకుంటోంది, పడుకుని పొర్లబోతోంది. మధ్యాహ్నం నుంచీ లద్దె (గుర్రం పేడ) వెయ్యలేదు. గుర్రానికి వాంతి చేసుకునే వీలే లేదు. పేగులో ఏది అడ్డం పడినా కిందికి పోవాల్సిందే, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఆవుకు పోసినట్టు గొట్టంతో ఆముదం పోద్దామని ఒకాయన సీసా కూడా పట్టుకొచ్చాడు. పాత జట్కా తాత ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఊపిరితిత్తుల్లోకి పోతే నొప్పి కంటే ముందు నూనే చంపుతుంది" అన్నాడు. తాతా, ఆ ఒక్క మాటకే మీకు సగం ఋణపడ్డాం. తర్వాత దాని మెడ నిమురుతూ కాసేపు నడిపించి, కాసేపు నిలబెట్టి, మళ్లీ నడిపించి, డాక్టరు వచ్చేదాకా పొర్లనివ్వకుండా చూశారు.

డాక్టరు గారు ఆర్మీలో గుర్రాల్లాంటి జంతువుల బాగోగులు చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్‌లో పనిచేసి రిటైరైన పెద్దమనిషి. పడుకున్న మనిషిని లేపితే విసుక్కోలేదు. ఫోన్లోనే మేత గాడిలోంచి తీసెయ్యమన్నారు, దవడ కింద వేలు పెట్టి నాడి లెక్కపెట్టమన్నారు. నిమిషానికి 28 నుంచి 44 మధ్య ఉండాల్సింది, 60 దాటింది. వచ్చాక నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, డొక్కకు చెవిగొట్టం ఆనించి విన్నారు. ముక్కులోంచి పొట్టలోకి ట్యూబు దించి, సరిగ్గా దిగిందని రెండు మూడు రకాలుగా చూసుకున్నాకే లిక్విడ్ పారఫిన్, గోరువెచ్చని నీళ్లు పోశారు. ఆ వేళలో షట్టరు ఎత్తిన మెడికల్ షాపు తమ్ముడికి, ఆయన్ని తీసుకొచ్చిన ఆటో అన్నకు కూడా దండాలు.

తెల్లవారుజామున లద్దె పడింది. దానికి వీధి వీధంతా చప్పట్లు కొట్టింది! ఎవరో టపాకాయలు కూడా కాల్చబోయారు, జట్కా తాత తిట్టి ఆపాడు. డాక్టరు గారు ఆ లద్దెను గాజు సీసాలో వేసి, నీళ్లు పోసి కలిపి పెట్టారు. కాసేపటికి అడుగున వేలెడు మందాన ఎర్ర ఇసుక పేరుకుంది. ఆ ఇసుక మేతతో పాటే కడుపులోకి పోయింది. వేర్లకు మట్టి అంటుకునే వచ్చే వేరుశనగ కట్టె, దాన్ని నేలమీద పరిచి వెయ్యడం, ఇదీ కారణం. మన జిల్లాలో పశువులకు అందరూ చేసేదే, గుర్రానికి మాత్రం అదే శత్రువట. ఇప్పుడు కట్టె దులిపి, ఎత్తు గాడిలో వేస్తున్నాం. ఇసబ్గోల్ కూడా ఇస్తున్నాం.

ఈ హడావుడి చూశాక కూడా "అన్నా, మేమూ గుర్రం కొంటాం" అని ఇద్దరు ముగ్గురు తమ్ముళ్లు అడిగారు. రీల్స్‌లో కనిపించనివి చెబుతా వినండి. రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు, మన ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. ఆరేడు వారాలకోసారి గిట్టలు చెక్కించి నాడాలు సరిచూడాలి. ధనుర్వాతం టీకా తప్పకూడదు, గుర్రానికి ఆ జబ్బు తొందరగా అంటుతుంది. పళ్లు అరగదీయించాలి. బాగా చూసుకుంటే 25, 30 ఏళ్లు బతుకుతుంది. మీ పెళ్లయ్యి, మీ పిల్లలు కాలేజీకి పోయేదాకా అది మీ దొడ్డిలోనే ఉంటుంది. కొనకముందు ఒక నెల మా ఇంటికి రండి, పొద్దున్నే లద్దె ఎత్తే పని ఇస్తా. ఆ తర్వాత కూడా కొంటామంటే మంచి గుర్రాన్ని వెతికిపెట్టే పూచీ నాది.

డబ్బులు పంపుతామన్న వాళ్లకు, వద్దు, ఖర్చు మేము పెట్టుకున్నాం. మట్టి లేని ఎండుగడ్డి ఎక్కడైనా దొరుకుతుంటే మాత్రం చెప్పండి, డబ్బిచ్చే కొంటాం.

చివరగా, ఆ రాత్రి మా దొడ్డిలో రెండు ప్లాస్టిక్ బకెట్లు, ఒక టార్చిలైటు, ఎవరిదో ఎడమకాలి చెప్పు మిగిలిపోయాయి. ఆదివారం పొద్దున అమ్మ ఉగ్గాని, బజ్జీ చేస్తోంది. తిని, మీ వస్తువులు తీసుకుపోండి.