రాముడి బొమ్మ బిళ్లకు రెండు వందల ఏళ్లా?

సంపాదకులకు,

పది రోజుల కిందట మీ విశాఖ పేజీలో పెద్ద ఫొటో వేశారు. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ‘ఈస్టిండియా కంపెనీ, హాఫ్ అణా, 1818’. కింద ‘రెండు శతాబ్దాల నాటి అరుదైన వెండి నాణెం’ అని వ్యాఖ్య. సవరణ రాలేదు సరికదా, నిన్న అదే పేజీలో ‘పాత నాణేలకు లక్షలు’ అంటూ ప్రకటన వచ్చింది! ఇలాంటి ప్రకటనలు నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే చెప్పింది. ఆ వార్తా మీరే వేసి ఉంటారు.

కంపెనీ వారి అర్ధణా రాగిది. అణాల లెక్కలో వెండి రెండణాల నుంచే మొదలు. దేశమంతటికీ ఒకే తీరు నాణేలు వచ్చింది 1835లో, నాలుగో విలియం తలతో. ‘మరి మద్రాసు నాణెం మీద దేవుడున్నాడుగా’ అని ఎవరైనా వాదించవచ్చు. నిజమే, 1808 నాటి వెండి అరవరహా మీద గోపురం, విష్ణుమూర్తి, తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. అది వరహా, అణా కాదు. మీ ఫొటోలోది పూజగదిలో పెట్టుకునే బిళ్ల. పూజకు తప్పులేదు, పదివేలకు కొనడమే తప్పు.

బీచ్ రోడ్డు పక్కన దుప్పటి పరిచి అమ్మే ‘విక్టోరియా రాణి రూపాయి’ సంగతీ ఇంతే. మన పెద్దలు ‘రూపాయి ఎత్తు’ అన్నది ఊరికే కాదు. అది అసలు తులం, 11.66 గ్రాములు. ఇప్పటి కొట్లలో తులమంటే పది గ్రాములు కాబట్టి, పది గ్రాముల బిళ్లను చూపి ‘కరెక్టుగా తులం’ అంటే తలూపేస్తున్నారు. అరిగిన అసలుది 11.4 దాకా తగ్గవచ్చు. పన్నెండు తూగితే మాత్రం అనుమానించాలి. అరుగుదలతో బరువు పెరగదు కదా.

తేదీనీ చూడాలి. రాణి పేరు పక్కన 1876 వరకు ‘క్వీన్’, 1877 నుంచి ‘ఎంప్రెస్’. 1862 వేసి ‘ఎంప్రెస్’ అని ఉంటే ఇక తక్కెడతో పనిలేదు. పోత పోసినదైతే అంచు చుట్టూ సన్నని అతుకు గీత, అక్షరాల మొదళ్లలో సూదిపోటు గుంతలు, సబ్బు అరిగినట్టు మొహం కనిపిస్తాయి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అంటుకోనంత మాత్రాన వెండి కాదు, ఇత్తడీ జర్మన్ సిల్వరూ అంటుకోవు. ఆ జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క వీసమైనా ఉండదు.

నమ్మదగింది నీటి పరీక్ష. గ్రాములో నూరో వంతు చూపే చిన్న తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నాకు తేవాలి. నాణేన్ని దారానికి కట్టి, గ్లాసు అడుగుకూ గోడలకూ తగలకుండా మునిగేలా పట్టుకోవాలి. బుడగలు అంటితే లెక్క తప్పుతుంది. తక్కెడ అప్పుడు చూపేది నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. పూర్తి బరువున్న అసలు రూపాయికి అది 1.13 గ్రాముల దగ్గర ఉంటుంది. జర్మన్ సిల్వరైతే 1.36 వైపు పోతుంది. 1940 నుంచి 1945 వరకు వచ్చిన ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే, కానీ బరువు అదే 11.66. అంకె చెక్కి దాన్ని అరుదైన 1939 చేసి అమ్మితే బరువు పట్టించదు, నీళ్లు పట్టిస్తాయి: 1.22 దగ్గర చూపిస్తుంది. కురుపాం మార్కెట్ నగల కొట్లలో స్వచ్ఛత చూసే మెషిన్ మీద పెట్టించినా అది చదివేది పైపొరనే. మందంగా పూత పూస్తే దానికీ టోపీయే. ఆసిడ్ చుక్క వేయించకండి, అసలుదైతే మచ్చ పడి విలువ పోతుంది.

ఇవేవీ అధికారులకు పట్టవు. పూర్ణా మార్కెట్‌లో కూరగాయల తక్కెడకు సీలు చూసే తూనికల శాఖ, బిళ్ల పక్కన అట్టముక్క మీద రాసిన ‘అసలు వెండి’ అనే మాట జోలికి పోదు. అమెరికాలో 1973 చట్టం ప్రకారం ఇలాంటి నకలు మీద ‘కాపీ’ అని ముద్ర ఉండి తీరాలి. ఇక్కడ ‘యాంటిక్’ అని రాస్తారు, పత్రికలు ఫొటో తీస్తాయి.

సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజులో వేయండి. ‘నాణెం’ అన్నచోట ‘పూజా బిళ్ల’ అని మార్చితే చాలు, ఫొటో కొత్తది అక్కర్లేదు.

— ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం