మీ ప్రకటనలో చెత్తబుట్టలో పడ్డవి మా ఇంటాయన మాత్రలు

తిరుపతి,
18-11-2024

కస్టమర్ కేర్ విభాగం పెద్దలకు,

విషయం: షుగర్ జబ్బుకని మీరు అమ్మే రసం టీవీ ప్రకటన మీద పదకొండు వారాలుగా నేను చేస్తున్న ఫిర్యాదుకు జవాబు లేకపోవడం.

అయ్యా, అమ్మా,

ఈ ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో నాకు తెలియదు. సెప్టెంబర్ 2 నుంచి మీ వాళ్లు తొమ్మిది మందితో మాట్లాడాను. ఒక్కరూ తమ పూర్తి పేరు చెప్పలేదు. అందుకే ఎవరినీ పేరుపెట్టి పిలవలేక ఇలా మొదలుపెట్టాను.

నేను కొత్తగా వచ్చి గొడవ పెట్టుకుంటున్న మనిషిని కాను. మా అమ్మ ఇంట్లో మీ పళ్లపొడి వాడాం. నా పెళ్లయ్యాక కూడా అదే తెచ్చుకున్నాం. మీ తలనొప్పి బామ్ సీసా మా దేవుడి గూటి పక్కన ఎప్పుడూ ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాను. పిల్లలకి దగ్గొస్తే మీ లేహ్యం వాడమని తల్లులకి చెప్పినదాన్ని. ఆ నమ్మకంతోనే మా ఆయన కూడా మీ ప్రకటన చూసి ఇంకో ఆలోచన లేకుండా సీసా కొన్నాడు. వేరే కంపెనీది అయితే కొనేవాడు కాదు. ఈ సంగతి మీకు తెలియాలి.

ఆయన ఆర్టీసీ డ్రైవరుగా తిరుమల ఘాట్ రోడ్డులో ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాడు. మలుపు మలుపుకీ ఉన్న బోర్డును నమ్మి స్టీరింగు తిప్పిన మనిషి. చూపించింది నమ్మడం ఆయనకి ఉద్యోగంలోనే అలవాటైపోయింది. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పొద్దున, రాత్రి మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడు. మూడు నెలల సగటు చెప్పే పరీక్షలో మే నెలలో 7.2 వచ్చింది. డాక్టరు బాగుందన్నారు. మధ్యాహ్నం చిన్న ముద్ద రాగి సంగటి, ఊరుబిండి, కాసింత ఆకుకూర పప్పు. మామిడికాయల కాలంలో ఒక ముక్క, అంతే. మా ఇంట్లో షుగర్ అంటే భయం కాదు, ఒక క్రమం.

మీ ప్రకటనలో ఏముందో మీకు తెలుసు. అయినా నేను చూసింది చెబుతాను. మనవరాలు లడ్డు అందిస్తుంది. కోడలు "మామయ్యా, షుగర్!" అని ఆపబోతుంది. పెద్దాయన నవ్వి, జేబులోంచి మాత్రల పట్టీ తీసి చెత్తబుట్టలో పడేసి, మీ సీసా చూపించి, లడ్డు నోట్లో పెట్టుకుంటాడు. సాయంత్రం ఏడు గంటల సీరియల్ మధ్యలో మూడుసార్లు వస్తుంది. గరుడ సేవ ప్రత్యక్ష ప్రసారం చూస్తుంటే ఆ మధ్యలో కూడా వచ్చింది. అడుగున ఏవో అక్షరాలు పరిగెత్తుతాయి. మా మనవడు ఫోనులో వీడియో తీసి, ఆపి, పెద్దది చేసి చూపిస్తే గానీ అది "వైద్యుల సలహా మేరకు వాడండి" అని నాకు తెలియలేదు. కళ్లద్దాలు పెట్టుకున్న డెబ్బై ఏళ్ల మనిషి రెండు సెకన్లలో దాన్ని ఎలా చదువుతాడు?

ఈ ప్రకటన చూసి నవ్వినవాళ్లు లేకపోలేదు. యూనివర్సిటీ గ్రౌండులో పొద్దున నాతో నడిచేవాళ్లలో ఒకాయన, ఇదే నిజమైతే ఊళ్లో షుగర్ డాక్టర్లంతా ఇంటికి పోవాల్సిందే అన్నాడు. ఆయన పక్కన నడిచే ఆవిడ మాత్రం అప్పటికే రెండు సీసాలు తెప్పించుకుని ఉంది, మాకు చెప్పలేదు. మా పక్కింటి రెండో తరగతి పిల్లాడు అరుగు మీద ఆడుకుంటూ చాక్లెట్ కాగితాన్ని మాత్రల పట్టీలాగా విసిరేసి మీ మాటలు వల్లిస్తున్నాడు. రోజూ చూసింది మనసులో ఎలా దిగుతుందో బడిలో ఎన్నో ఏళ్లు చూశాను. అది పిల్లలకే కాదు, పెద్దలకీ అంతే.

జూలైలో మా ఆయన మాత్రలు మానేశాడు. నాకు చెప్పలేదు. నేను నెల నెలా కొనుక్కొచ్చిన పట్టీలు బీరువాలో పంచెల కింద దొరికాయి, ఒక్క మాత్రా తీయకుండా. ఆగస్టుకి రాత్రి పెట్టిన చెంబు నీళ్లు తెల్లారేసరికి ఖాళీ అయ్యేవి. ఆరు కిలోలు తగ్గాడు. మందు పని చేస్తోందని మురిసిపోయాడు. 27వ తేదీన లీలామహల్ సర్కిల్ దగ్గర కళ్లు తిరిగి కూర్చుండిపోతే ఒక ఆటో అబ్బాయి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లాడు. షుగర్ 462. నాలుగు రోజులు సెలైన్లు, ఇన్సులిన్. 7.2 ఉన్నది 9.8 అయింది. ఇప్పుడు కోలుకున్నాడు. తప్పు ఆయనది కూడా ఉందని ఆయనే ఒప్పుకున్నాడు. నేను మీకు ఫోన్ చేసింది పోట్లాడటానికి కాదు. ఆ చెత్తబుట్ట సీను తీసేయండి, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదు అని చెప్పడానికే. ఆ ఒక్క మాట వినడానికి మీ కంపెనీలో మనిషి లేడు.

సెప్టెంబర్ 2న సీసా మీద ఉన్న నంబరుకి చేశాను. ఆర్డరుకి ఒకటి, ఆర్డరు ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు, డీలర్‌షిప్‌కి మూడు నొక్కమంది. ఫిర్యాదుకి ఏ అంకె నొక్కాలో లేదు. ఒకటి నొక్కాను. ఒకమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. మా ఆయన ఆసుపత్రిలో పడ్డాడని చెప్పాను. "అయ్యో, మూడో సీసా సగం ధరకి ఇస్తాం మేడం" అంది. ఆ పిల్ల మీద నాకు కోపం లేదు. ఆమె ముందు రాసిపెట్టిన కాగితంలో అంతకన్నా ఏమీ లేదు కాబోలు. ఆ కాగితం రాసిన వాళ్లతోనే నాకు పని.

రెండోసారి ఫోన్ ఎత్తినాయనకి తెలుగు రాదు. తెలుగు వాళ్లు రేపు చేస్తారన్నాడు. వారం ఎదురుచూశాను. ఫోన్ కుక్కర్ పక్కనే పెట్టుకుని వంట చేసుకున్నాను. మూడోసారి మాట్లాడినాయన నా నంబరు మీద ఆర్డరు కనిపించట్లేదు, కాబట్టి నేను మీ కస్టమర్ని కాను అన్నాడు. సీసాలు గాంధీ రోడ్డులో కొట్లో కొన్నామని, రసీదు ఉందని చెప్పాను. అయితే కొట్టువాళ్లనే అడగమన్నాడు. కొట్టాయన డిస్ట్రిబ్యూటరు పేరు చెప్పాడు. రేణిగుంట రోడ్డులో ఆ గోడౌనుకి ఎండలో వెళ్లాను. అక్కడి మేనేజరు, పెట్టెలు దించుకోవడం వరకే మా పని, ప్రకటన సంగతి కంపెనీది అన్నాడు. చానల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే, డబ్బులు కట్టిన ప్రకటన వేయడమే మా పని అన్నారు. అందరి పనీ ఎక్కడో ఒకచోట ఆగిపోతోంది. మరి మా ఇంట్లో జరిగినదానికి జవాబు ఎవరి పనిలో ఉంది?

సెప్టెంబర్ 19న మీకు మెయిల్ పెట్టాను. మా మనవడు కూర్చుని టైపు చేశాడు, ఆసుపత్రి కాగితాలు ఫొటోలు తీసి కలిపాడు. నిమిషంలో పదకొండు అంకెల టికెట్ నంబరు వచ్చింది, 48 గంటల్లో స్పందిస్తామని. ఆరో రోజు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజీ వచ్చింది. కింద ఐదు నక్షత్రాలు, ఎన్ని ఇస్తారో నొక్కమని. ఎవరు పరిష్కరించారు? ఎవరితో మాట్లాడి పరిష్కరించారు? ఆ మెసేజీ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా ఆయన సెలైను ఎక్కించుకుంటున్నప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదు.

అక్టోబర్‌లో మీ దగ్గర నుంచే ఒక ఫోన్ వచ్చింది. "కంపెనీ డాక్టరు గారు మాట్లాడతారు" అన్నారు. చివరికి ఒక మనిషి దొరికాడని సంతోషించాను. ఆయన మొత్తం విని, షుగర్ పెరగడం మంచిదే, లోపలి చెడు బయటికి పోతోంది, కోర్సు మధ్యలో ఆపకండి అన్నాడు. మీరు ఏం చదివారు సార్, రిజిస్ట్రేషన్ నంబరు చెప్పండి అని అడిగాను. లైన్ కట్ అయింది. మళ్లీ చేస్తే ఆ నంబరు పనిచేయలేదు. మూడో రోజు ఇంకో ఫోను. "అమ్మా, మీ ఇంట్లో ఇంకెవరికైనా షుగర్ ఉందా?" అని అడిగింది ఆ అమ్మాయి. నా ఫిర్యాదు మీ దగ్గర ఎక్కడికి చేరిందో నాకు అప్పుడు అర్థమైంది. నేను పంపిన ఆసుపత్రి కాగితాల్లో మీకు కనిపించింది ఒక షుగర్ ఉన్న ఇల్లు, ఒక ఫోన్ నంబరు, అంతే.

ఇక నవంబర్ 14. ఇన్నేళ్లూ ఆ రోజు నాకు బాలల దినోత్సవమే. రుయాలో గోడ మీద చూశాక అది ప్రపంచ మధుమేహ దినోత్సవం కూడా అని తెలిసింది, ఇన్సులిన్ కనిపెట్టిన బాంటింగ్ పుట్టిన రోజు. 1921లో కనిపెట్టి, 1923లో ఆ పేటెంటు హక్కును ఆయన సహచరులు తలా ఒక్క డాలరుకి టొరంటో యూనివర్సిటీకి ఇచ్చేశారని మనవడు చదివి వినిపించాడు. అందరికీ అందాలని అలా చేశారట. మేమిద్దరం ఆ మాట మాట్లాడుకుంటుండగా మీ మెసేజీ వచ్చింది. మధుమేహ దినోత్సవం సందర్భంగా రెండు సీసాలు కొంటే ఒకటి ఉచితం. మా ఆయన చూసి ఫోను బోర్లా పెట్టేశాడు. ఆ రోజే ఈ ఉత్తరం రాయాలని నిర్ణయించుకున్నాను.

మెడికల్ షాపు నడిపే మా మేనల్లుడు ఒకటి అడిగాడు: "అత్తా, మీ డాక్టరు రాసే షుగర్ మాత్రలకి టీవీలో ప్రకటన ఎప్పుడైనా చూశావా?" నిజమే, ఎప్పుడూ చూడలేదు. 1954లో వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో 54 జబ్బుల పట్టిక ఉంది, అందులో మధుమేహం ఉంది. ఆ జబ్బుల్ని నయం చేస్తామని ఏ మందుకీ ప్రకటన ఇవ్వకూడదు. మొదటిసారి తప్పు రుజువైతే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకి పది లక్షల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా ఉంది. ఆ వస్తువుకి ప్రచారం చేసినవాళ్లకి కూడా బాధ్యత ఉంది. రిటైరైన టీచరు చదివితే తెలిసింది. ఇంత పెద్ద కంపెనీలో లాయర్లు ఉన్న మీకు తెలియకుండా ఉంటుందా?

మూడు సీసాల డబ్బు 3,570 రూపాయలు. అది నాకు వద్దు. కొత్త సీసాలు అసలే వద్దు, పంపితే వెనక్కి పంపుతాను. ఆ చెత్తబుట్ట సీను తీసేయాలి. తీసేసి ఊరుకుంటే సరిపోదు. అదే పెద్దాయన, అదే ఏడు గంటలకి, అదే సీరియల్ మధ్యలో, డాక్టరు రాసిన మాత్రలు మానొద్దని గట్టిగా, అందరికీ వినపడేలా చెప్పాలి. ఎన్ని రోజులు ఆ ప్రకటన వేశారో అన్ని రోజులు వేయాలి. నా టికెట్‌ను ఎవరు మూసేశారో, ఫోనులో డాక్టరునని మాట్లాడిన మనిషి ఎవరో నాకు రాతపూర్వకంగా చెప్పాలి.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేస్తాను, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, డ్రగ్ కంట్రోల్ వాళ్లకి ఇవే కాగితాలు ఇస్తాను. నాతో నడిచే వాళ్లలో ఆ రెండు సీసాలు కొన్నావిడ కూడా సంతకం పెడతానంది. ఆవిడ కూడా మాత్రలు మానేసి ఉండింది, మా ఆయన సంగతి విన్నాకే మళ్లీ మొదలుపెట్టింది. మా బడిలో చదివి ఇప్పుడు తిరుపతి కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న పిల్లలు ముగ్గురున్నారు, ఫీజు వద్దన్నారు. మీ పళ్లపొడి డబ్బా ఇప్పటికీ మా బాత్రూమ్‌లో ఉంది. అది అయిపోయాక ఇంకోటి తేవాలా వద్దా అన్నది ఈ జవాబు వచ్చాకే తేల్చుకుంటాను.

జవాబు మెసేజీలో వద్దు, మెయిల్‌లో వద్దు. కాగితం మీద, కింద పేరు, హోదా, సంతకంతో పోస్టులో పంపండి. ఫోన్ చేయాల్సి వస్తే అమ్మకాల వాళ్లతో మాత్రం చేయించకండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు అసలు చేయొద్దు, ఆయన పడుకునే వేళ.

ఇట్లు,
కొర్లగుంట నుంచి మీ పాత వినియోగదారురాలు

జతపరిచినవి: సీసాల రసీదు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మే నెల, ఆగస్టు నెల రక్త పరీక్షల నకళ్లు, మీ వాళ్లు మూసేసిన టికెట్ నంబరు, వాడకుండా బీరువాలో దొరికిన మాత్రల పట్టీల ఫొటో.