చిన్నపిల్లల ఉబ్బసం: మన తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు ఏడాది పనుల నివేదిక ఇవ్వాలని మన నియమావళిలో ఉంది, అందుకని రాస్తున్నాను. రాయకపోతే చేసిన పని ఎవరికీ గుర్తుండదన్నది రెండో కారణం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఐదేళ్లలోపు బిడ్డ రాత్రి రెండింటికి దగ్గుతూ లేచి కూర్చుంటే, ఇది జలుబో ఉబ్బసమో తెలియక, తెల్లారేదాకా ఒళ్లో వేసుకుని కూర్చున్నవాళ్లమే మనమంతా.

ముందుగా కృతజ్ఞతలు. ఏడాదిలో 4 సార్లు వచ్చి, ఒక్కసారి కూడా గడియారం చూసుకోకుండా మన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పిన పిల్లల డాక్టరుగారికి, స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించి, చిన్నపిల్లలకైతే మాస్కుతో మందు పట్టే గొట్టం) వాడకం నేర్పిన నర్సమ్మగారికి, హాలు ఉచితంగా ఇచ్చినవారికి, బోర్డులు రాసిపెట్టిన ఉపాధ్యక్షులకు, సభ జరిగినంతసేపూ పక్కగదిలో పిల్లల్ని ఆడించిన ముగ్గురు కాలేజీ అమ్మాయిలకు పేరుపేరునా ధన్యవాదాలు. (పేర్లు రాయొద్దని వాళ్లే అన్నారు.) కుర్చీలు వేయడానికి వచ్చినవాళ్లందరికీ ధన్యవాదాలు. కుర్చీలు తీసి సర్దిన ఇద్దరికీ మాత్రం రెండుసార్లు చెప్పాలి.

మే నెల మొదటి మంగళవారం ప్రపంచ ఉబ్బసం దినం, 1998 నుంచి జరుపుతున్నారు. పోయినేడు మనం సరిగ్గా ఆ రోజే సభ పెడితే, పని రోజు కావడంతో ఎదుట కూర్చున్నవాళ్లకన్నా వేదిక మీద ఉన్నవాళ్లే ఎక్కువయ్యారు. ఈసారి ఆ తర్వాతి ఆదివారం సాయంత్రానికి మార్చాం. ఉపన్యాసాలు వద్దనుకున్నాం. ఎవరి ఇన్‌హేలర్, ఎవరి స్పేసర్ వాళ్లు సంచిలో వేసుకుని రండి, ఇంట్లో ఎలా ఇస్తారో ఇక్కడ ఈ బొమ్మకి అలాగే ఇచ్చి చూపించండి అన్నాం. ఈ ఏడాది చేసిన పనులన్నిట్లో నేను గర్వంగా చెప్పుకునేది ఈ ఒక్క సాయంత్రం గురించే, అందుకని కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

నర్సమ్మగారు హాల్లో లైట్లు ఆర్పించి, బొమ్మ ముఖం పక్కనుంచి టార్చి వేశారు. ఒక సభ్యురాలు బొమ్మని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మాస్కు పెట్టి, ఇన్‌హేలర్ నొక్కారు. మాస్కు అంచుకీ బొమ్మ ముక్కుకీ మధ్య వేలు పట్టేంత సందు కూడా లేదు, కాగితం పట్టేంతే ఉంది. ఆ సందులోంచి తెల్లటి పొగమంచులా మందు పైకి లేచి టార్చి వెలుతురులో తేలుతూ పోయింది. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మందు పనిచేయట్లేదు, డోసు పెంచండి అని మూడు నెలలుగా డాక్టరుగారి వెంట పడుతున్నానండీ" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆవిడ తర్వాత వంతు నాది. నా మాస్కు బాగానే ఆనింది కానీ, నేను ఇన్‌హేలర్ ఊపకుండానే నొక్కాను, అదీ వెంటవెంటనే రెండుసార్లు. సంఘం కార్యదర్శిని, రెండేళ్లుగా మా పాపకి అలాగే ఇస్తున్నాను.

ఆ సాయంత్రం బయటపడ్డ తప్పులు ఇలాంటివే, అన్నీ చిన్నవే. ఒక్కసారికి ఒక్క పఫ్ మాత్రమే నొక్కి, మాస్కు తీయకుండా బిడ్డ ఐదారు సార్లు మామూలుగా ఊపిరి తీసుకునేదాకా ఆగాలి. స్పేసర్‌లోని చిన్న వాల్వు కదులుతుంటే లెక్కపెట్టుకోవచ్చు. రెండో పఫ్‌కి మళ్లీ ఊపి మళ్లీ మొదటినుంచి. పెద్ద పిల్లలు వాడే కొన్ని స్పేసర్లు ఈల వేస్తాయి. ఈల వచ్చిందంటే బాగా పీల్చాడని సంబరపడే తండ్రులు నలుగురు తేలారు. అది మరీ వేగంగా పీలుస్తున్నావు, నెమ్మదించు అని చెప్పే ఈల. స్పేసర్ కడిగాక లోపల గుడ్డతో తుడవకూడదు. తుడిస్తే ప్లాస్టిక్‌కి విద్యుదావేశం పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది. తేలికపాటి సబ్బునీళ్లలో కడిగి అలాగే ఆరబెట్టేయాలి. ఏడుస్తున్న బిడ్డకి బలవంతంగా పట్టిస్తే మందు నోట్లో, గొంతులో ఆగిపోతుంది తప్ప ఊపిరితిత్తులదాకా పోయేది కొంచెమే. అందుకే మందు లేనప్పుడు కూడా మాస్కుతో ఆడుకోనివ్వండి, ముందు బొమ్మకి వేయించండి.

ఇంకొకటి, సంచుల్లోంచి తీసిన ఇన్‌హేలర్లలో కొన్ని ఖాళీవి. ఊపితే చప్పుడు వస్తోంది, నొక్కితే తుస్సుమంటోంది, మందు మాత్రం లేదు. మందు అయిపోయాక కూడా తోసే వాయువు మిగిలి ఉంటుంది. 200 డోసులని రాసి ఉన్న దాన్ని ఉదయం 2, సాయంత్రం 2 పఫ్‌ల చొప్పున వాడితే 50 రోజులకి అయిపోతుంది. ఎన్ని డోసులు మిగిలాయో చూపే కౌంటరు లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ దాని మీదే పెన్నుతో రాసుకోండి.

డాక్టరుగారితో జరిగిన సమావేశాల్లో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్న ఒకటే, మా బిడ్డకి ఉబ్బసమా కాదా తేల్చి చెప్పరేం అని. ఆయన జవాబు నాకు నచ్చింది కాబట్టి నా మాటల్లో రాస్తున్నాను. పెద్దవాళ్లకైతే గట్టిగా ఊదించి స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేస్తారు. ఐదేళ్లలోపు పిల్లలు చెప్పినట్టు ఊదలేరు. పైగా ఆ వయసులో జలుబు చేస్తే పిల్లికూతలు రావడం మామూలే. ఆరేళ్లు వచ్చేలోపు పిల్లల్లో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకసారి వస్తాయి, వాళ్లలో చాలామందికి వయసుతోపాటు పోతాయి కూడా. అందువల్ల డాక్టరు వెతికేది ఒక్క రోజు దగ్గుని కాదు, దాని వరసని. జలుబు చేసినప్పుడే వస్తోందా, జలుబు లేనప్పుడు కూడానా? నవ్వినా, ఏడ్చినా, పరిగెత్తినా దగ్గుతాడా? రాత్రి నిద్ర లేస్తున్నాడా? జలుబు వస్తే దగ్గు పది రోజులు దాటి లాగుతోందా? ఒంటి మీద దురదపెట్టే ఎలర్జీ దద్దుర్లు (ఎగ్జిమా) ఉన్నాయా, అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉందా? ఈ ప్రశ్నలకి మనలో చాలామంది జవాబు, "అప్పుడప్పుడూ అండీ" అనే.

అందుకే నోటుబుక్కు పెట్టాం. తేదీ, సమయం, అప్పుడు బిడ్డ ఏం చేస్తున్నాడు, ఎలాంటి చప్పుడు, ఎన్ని పఫ్‌లు ఇచ్చారు, ఎంతసేపటికి తగ్గింది. అంతే, రెండు వరసలు. దాంతోపాటు చొక్కా తీసి, ఛాతీ మీద వెలుతురు పడేలా ఒక నిమిషం వీడియో. ఆస్పత్రికి వెళ్లేసరికి పిల్లలు ఏమీ ఎరగనట్టు ఆడుకుంటారు కదా, వీడియో అయితే జరిగింది జరిగినట్టు చూపిస్తుంది. నోటుబుక్కులు అందరూ తీసుకున్నారు. మూడు నెలల తర్వాత నింపి తెచ్చినవాళ్లని చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒకరి నోటుబుక్కులో పిల్లాడు గీసిన బస్సు బొమ్మలు ఉన్నాయి, బాగున్నాయి.

సభ్యులు తెచ్చిన వీడియోలు వినిపించి, ఇది పిల్లికూతా కాదా చెప్పమన్నారు డాక్టరుగారు. మేం చాలావాటికి తప్పే చెప్పాం. ఊపిరి వదిలేటప్పుడు ఛాతీలోంచి సన్నగా ఈలలా వచ్చేది పిల్లికూత. ముక్కు దిబ్బడేసి గురగురలాడేది వేరు. ఊపిరి పీల్చేటప్పుడు గొంతులోంచి బొంగురుగా వచ్చేది ఇంకా వేరు, దాని కారణాలు, మందులు వేరు. బాగా ఉన్న బిడ్డ ఆడుకుంటూ ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై దగ్గు మొదలైతే ఏదైనా మింగాడేమోనని వెంటనే చూపించాలి, ఉబ్బసం అనుకుని పఫ్‌లు ఇస్తూ కూర్చోకూడదు. పుట్టినప్పటినుంచీ ఆయాసం, బరువు పెరగకపోవడం, వారాల తరబడి రోజూ కఫంతో తడిదగ్గు, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండటం, ఇవి కూడా విడిగా చెప్పాల్సిన సంగతులే.

అనుమానం బలంగా ఉంటే డాక్టరు తక్కువ డోసు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రెండు మూడు నెలలు రోజూ వాడించి, ఆపి చూస్తారు. వాడినన్నాళ్లూ బాగుండి, ఆపాక మళ్లీ మొదలైతే అది ఉబ్బసమనడానికి మంచి ఆధారం. మనవాళ్లు చేసేది, రెండో వారానికి దగ్గు తగ్గగానే "ఎందుకొచ్చిన స్టెరాయిడ్" అని మానేయడం. దాంతో పరీక్షా పోతుంది, మందూ పోతుంది. ఇన్‌హేలర్‌లో డోసు మైక్రోగ్రాముల్లో ఉంటుంది, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. మానేసి, దాడి ముదిరాక నోటిద్వారా ఇచ్చే స్టెరాయిడ్ మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఎత్తు మీద ప్రభావం అసలే లేదని డాక్టరుగారు అనలేదు. రోజూ వాడే పిల్లల్లో మొదటి ఒకటి రెండేళ్లలో ఒక సెంటీమీటరు అటూఇటూ తగ్గొచ్చు, ఏటేటా అలా తగ్గుతూ పోదు అన్నారు. దాచకుండా చెప్పారు కాబట్టే చాలామందికి టెన్షన్ తగ్గింది. మందు వేశాక నోరు పుక్కిలించడం, చిన్నవాళ్లకైతే నోరు, మాస్కు ఆనిన ముఖం తడిగుడ్డతో తుడవడం మరిచిపోకండి. ఇక ఆయాసానికి సిరప్ చాలు కదా అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. సిరప్ ఆలస్యంగా పనిచేస్తుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. స్పేసర్‌తో ఇచ్చే సాల్బుటమాల్ (ఆయాసం తగ్గించే మందు) నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

బోర్డు మీద ఎర్ర రంగుతో రాయించినవి ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, తిట్టుకున్నా సరే. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, మాట్లాడలేకపోయినా, పాలు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మగతగా ఉన్నా ఫోన్లు చేసుకుంటూ కూర్చోవద్దు, ఆస్పత్రికి బయల్దేరండి, దారిలోనూ స్పేసర్‌తో పఫ్‌లు ఇస్తూనే ఉండండి. బిడ్డ ఏడవనప్పుడు, ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో నిండు నిమిషం పాటు లెక్కపెట్టాలి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకి నిమిషానికి 40, రెండు నెలల నుంచి ఏడాది లోపు వాళ్లకి 50, లేదా అంతకు మించితే వేగంగా ఉన్నట్టు. అప్పటిదాకా గట్టిగా వినిపించిన పిల్లికూత ఆగిపోయి, బిడ్డ నీరసించి వాలిపోతే అది తగ్గడం కాదు, లోపలికి గాలే పోవట్లేదన్నమాట. ఎన్ని పఫ్‌లు, ఎన్ని నిమిషాలకోసారి, ఎప్పుడు ఆస్పత్రికి అన్నది డాక్టరు చేత కాగితం మీద రాయించుకుని గోడకి అంటించండి. అడిగితే ఎవరూ కాదనరు, మనమే అడగం.

ఇంట్లో పొగ గురించి ప్రత్యేక సమావేశం పెట్టాం. తల్లులే వచ్చారు. "నేను బయటే తాగి వస్తాను" అనే తండ్రులు ఎవరూ రాలేదు. పొగ చొక్కాకీ, చేతులకీ అంటుకుని బిడ్డ దగ్గరికి వస్తుందని ఎవరికి చెప్పాలో వాళ్లు లేని హాల్లో గంటసేపు చెప్పుకున్నాం.

చేయలేకపోయినవి కూడా రాయాలి. రాత్రిపూట ధైర్యం చెప్పే ఫోను పట్టికలో 11 మంది పేర్లు ఇచ్చారు, నిజంగా ఎత్తింది ముగ్గురు. ఎత్తనివారి వంతు కూడా ఆ ముగ్గురే చూశారు, వాళ్లలో ఒకావిడకి చంటిబిడ్డ కూడా ఉంది. వీలుకాకపోతే పేరు ఇవ్వకపోవడమే మేలు. పిల్లల సంరక్షణ కేంద్రాల్లో పనిచేసే ఆయమ్మలకి స్పేసర్ వాడకం నేర్పుతామని సంబంధిత కార్యాలయానికి మూడుసార్లు ఉత్తరం ఇచ్చాం. మొదటిసారి సంతకం లేదన్నారు, రెండోసారి సీలు లేదన్నారు, మూడోసారి ఆ ఉత్తరం తీసుకున్న అధికారి బదిలీ అయ్యారు. నాలుగో ఉత్తరం నా బ్యాగులో ఉంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారిగారు విడిగా జతచేశారు, లెక్కల తనిఖీ పూర్తయింది. ఖర్చులో ఎక్కువ భాగం నమూనా స్పేసర్లకి, నోటుబుక్కులకి పోయింది. చందా బకాయిలున్నవారి జాబితా చదవవద్దని అధ్యక్షులు చెప్పారు కాబట్టి చదవడం లేదు.

వచ్చే ఏడాది టార్చి సాయంత్రం రెండుసార్లు పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది, రెండోది జలుబుల కాలం మొదలవకముందే. ఆరు నెలలు దాటిన పిల్లలకి ఏటా వేసే ఫ్లూ టీకా గురించి డాక్టరుగారు అప్పుడు మాట్లాడతారు. అన్నట్టు, మన 6 నమూనా స్పేసర్లలో 2 ఇంకా తిరిగి రాలేదు, బొమ్మ కూడా ఎవరింట్లోనో ఉంది. తీసుకెళ్లినవారు సమావేశానికి వచ్చేటప్పుడు తెచ్చివ్వండి. స్పేసర్లు కడిగి తేండి, తుడిచి కాదు.

ఇట్లు,
కార్యదర్శి