సంచికను అచ్చు వేయడం మానవద్దు

సంపాదకులకు నమస్కారం.

చెన్నైలోని మా తెలుగు సంఘం వార్షిక సంచికను ఈ ఏడు నుంచి అచ్చు వేయకుండా, పీడీఎఫ్‌గా ఫోన్లకు పంపితే చాలునన్న ప్రతిపాదన వచ్చింది. కాగితం, ప్లేట్లు, బైండింగు, తపాలా అన్నీ కలిస్తే చిన్న సంఘానికి భారమేనని ఒప్పుకుంటాను. అయినా నాకు మనస్కరించడం లేదు.

1999లో మా నాన్నగారి పద్యాలను ఇక్కడే కంప్యూటరు మీద పుటలు కూర్చే ఒక డీటీపీ కేంద్రంలో కంపోజ్ చేయించి 300 ప్రతులు వేయించాం. ఇటీవల రెండో ముద్రణ తలపెట్టి, భద్రంగా దాచిన సీడీ తెరిస్తే పద్యాల చోట అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ కనిపించాయి. ఆనాటి ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో మన అక్షరాల ముక్కలను అమర్చుకున్నవి కాబట్టి, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అవి తెలుగుగా కనబడవు. ఏ కంప్యూటరులోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్పించాం గాని వత్తులు తారుమారయ్యాయి. చివరికి బీరువాలోని పాత పుస్తకాన్ని పక్కన పెట్టుకొని పద్యం పద్యం దిద్దుకోవలసి వచ్చింది.

పుట కూర్పు సంగతి కూడా చెప్పాలి. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ‘రాష్ట్రం’ అన్న మాటలో ఒకే అక్షరం కింద రెండు వత్తులు దిగుతాయి. ఇంగ్లిషుకు సరిపోయే పంక్తుల ఎడం మనకు చాలదు, అందుకే కొన్ని యాప్‌లలో వత్తులు సగానికి తెగి కనిపిస్తాయి. పని తెలిసిన కంపోజిటరు ఆ ఎడాన్ని కంటితోనే పసిగట్టి, పద్యపాదం విరగకుండా పుటను తీర్చేవాడు. పెద్ద పుటకు కూర్చిన పీడీఎఫ్‌ను ఫోనులో పెద్దది చేసి అటూ ఇటూ జరుపుకుంటూ చదివే పెద్దలకు (నాకూ డెబ్భై దాటాయి) పాదం మొదలు దొరికితే చివర కనిపించదు.

1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులు ముద్రణాలయం నెలకొల్పినదీ, 1947 జులైలో చందమామ మొదలైనదీ ఈ ఊరిలోనే. ఆ పత్రికలో బొమ్మ కథను పక్కకు నెట్టకుండా పుటలో ఎలా ఒదిగేదో, మా సంచికకు బొమ్మలు వేసే పిల్లలకు పాత ప్రతులు చేతికిచ్చి చూపిస్తుంటాను.

నేను డిజిటల్ ప్రతి వద్దనడం లేదు. దూరాన ఉన్న సభ్యులకు అదే సౌకర్యం. 200 ప్రతులైనా అచ్చు వేసి, యూనికోడ్ పాఠాన్ని వేరుగా దాచి, ఒక ప్రతిని ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి అందజేయాలని సంఘ పెద్దలకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వడపళని, చెన్నై