ఎలియట్ దొర మొక్కల జాబితాను మళ్లీ అచ్చు వేయండి

సంపాదకులు గారికి,
నమస్కారం.

అమరావతి శిల్పాలను లండన్ నుంచి వెనక్కి తేవాలన్న మాట లేచినప్పుడల్లా వాల్టర్ ఎలియట్ పేరు కూడా పైకొస్తుంది. 1845లో అమరావతి దిబ్బను తవ్వించి, రాళ్లను మద్రాసుకు తరలించింది ఆయనే. అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో ఓడెక్కించారు. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మన శిల్పాలను చాలాకాలం ‘ఎలియట్ మార్బుల్స్’ అని పిలవడం నాకూ కంటగింపే. వాటిని అడగాల్సిందే, అందులో రెండో మాట లేదు. నేను రాస్తున్నది మాత్రం అదే 1859లో మద్రాసులో అచ్చయిన ఆయన పుస్తకం ‘ఫ్లోరా ఆంధ్రికా’ గురించి. ఉత్తర సర్కార్లలోని తెలుగు జిల్లాల్లో మామూలుగా కనిపించే మొక్కల తెలుగు పేర్లకు ఎదురుగా శాస్త్రీయ నామాలు ఇచ్చిన జాబితా అది. దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, మనమే పట్టించుకోలేదు.

ఎలియట్ వృక్షశాస్త్రం చదివి వచ్చినవాడు కాదు. 1803లో ఎడిన్‌బరోలో పుట్టి, హెయిలీబరీలోని కుంపిణీ కాలేజీలో చదువుకుని, ఇరవై ఏళ్లు నిండకుండానే మద్రాసు సర్వీసులో చేరిన రెవెన్యూ ఉద్యోగి. 1824లో కిత్తూరు రాణి చెన్నమ్మ సైన్యానికి బందీగా చిక్కాడు. ఆ పోరులో ధార్వాడ కలెక్టరు థాకరే ప్రాణం పోయింది, ఎలియట్ బతికి బయటపడ్డాడు. ఆయన్ను గుంటూరుకు రప్పించింది కూడా శిస్తు లెక్కలే. 1832-33 కరువు ఆ జిల్లాను ఊడ్చిపెట్టింది. జమీందారీలు అప్పుల్లో మునిగాయి, బకాయిలు పేరుకున్నాయి. కారణమేంటో తేల్చమని 1845లో ఎలియట్‌ను పంపిన ప్రభుత్వం, ఆ తర్వాత ఉత్తర సర్కార్లకు కమిషనర్‌ను చేసి 1854 దాకా ఉంచింది. మన తాతముత్తాతల దగ్గర శిస్తు రాబట్టడమే ఆయన ఉద్యోగం, ఆ సంగతి దాచాల్సిన పని లేదు.

కచేరీ పని ముగిశాక ఆయన దృష్టి జంతువుల మీదా మొక్కల మీదా నాణేల మీదా ఉండేది. ధార్వాడ ప్రాంతపు క్షీరదాల జాబితాను 1839లో ప్రచురించాడు. తూర్పు కనుమల్లో తిరిగే, చూడటానికి ఉడుతలా ఉండి ఉడుత కాని ఒక చిన్న జంతువు శాస్త్రీయ నామంలో నేటికీ ‘ఎలియటీ’ అని ఉంది. 1856లో డార్విన్ ఆయనకు ఉత్తరం రాసి, ఇక్కడి పెంపుడు పావురాల తోళ్లు పంపమని అడిగాడు, ఈయన పంపాడు. 1859లోనే వెలువడిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ మొదటి అధ్యాయంలో డార్విన్ అందుకు పేరు పెట్టి మరీ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. 1860లో ఉద్యోగం విరమించి స్కాట్లాండు వెళ్లాక కూడా ఈ వ్యాపకం వదల్లేదు. దక్షిణ భారత నాణేల మీద ఆయన పుస్తకం 1886లో, అంటే చనిపోవడానికి ఏడాది ముందు వచ్చింది. అప్పటికి ఆయనకు చూపు కూడా లేదు.

ఇక ఇప్పుడు ఆ జాబితా ఎందుకంటారా? వినాయక చవితి ముందు రోజు బజారులో పత్రి కట్ట కొని విప్పి చూడండి. మామిడి, రేగు, జిల్లేడు ఎవరైనా పోల్చుకుంటారు. బృహతీ పత్రం అంటే వాకుడో ములకో ఏదో ఒకటి ఉండాలి. ఆ చోట రోడ్డు పక్క మొలిచిన పిచ్చాకు ఏదో కుక్కి ఉంటుంది. అమ్మేవాళ్లకూ తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు. సరే, దేవుడు సర్దుకుపోతాడనుకుందాం. కిడ్నీలకు మంచిదని వీడియోలు చూసి వండుకుంటున్న గలిజేరు సంగతేమిటి? గలిజేరు, అటికమామిడి అనే పేర్లు రెండు వేర్వేరు మొక్కల మధ్య తారుమారవుతూ ఉంటాయి. ఒక ఊళ్లో ఒకటి, పక్క మండలంలో ఇంకొకటి. తెలుగు పేరుకు ఎదురుగా శాస్త్రీయ నామం, ఏ ప్రాంతంలో ఆ వాడుక ఉందో పక్కన రాసిన పట్టిక ఉంటే ఈ గందరగోళం చాలావరకు తీరుతుంది. నూట అరవై ఏళ్ల కిందటే ఆ పనికి ఒకరు పునాది వేసి వెళ్లారు.

పాత పుస్తకాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేస్తే లాభం లేదు. అప్పటి శాస్త్రీయ నామాలు చాలా మారిపోయాయి. నాటి కేసియా ఆరిక్యులేటా (మన తంగేడు) నేడు సెన్నా ఆరిక్యులేటా. నల్లతుమ్మ, చండ్ర అకేసియా ప్రజాతి నుంచి తప్పుకుని వేరే ప్రజాతుల్లో చేరాయి. ఆయన తిరిగింది ఉత్తర సర్కార్లలో కాబట్టి తెలంగాణ, రాయలసీమ పేర్లకు ఆ పుస్తకం చాలదు. పైగా సర్కారు తుమ్మ, వయ్యారిభామ మన దేశంలో పాతుకుపోయింది ఆ తర్వాతే. అవి రాకముందు మన చెలకల్లో, గట్ల మీద ఏమేం ఉండేవో చూసుకోవడానికి ఆ జాబితా కొంతైనా పనికొస్తుంది.

2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. స్థానిక పేర్లు ఎక్కాల్సింది అందులోనే. వాటిని కాగితం నింపే తంతుగా కాకుండా నిజంగా రాయాలంటే ఈ జాబితాను ముందు పెట్టుకుని, పశువుల కాపర్లనూ నాటువైద్యులనూ అడగడం తేలికైన దారి. ఎలియట్‌కు పేర్లు చెప్పింది కూడా అలాంటివాళ్లే అయ్యుండాలి. దొరకు అవి పుట్టుకతో రావు కదా.

రెండు రాష్ట్రాల జీవవైవిధ్య మండళ్లూ, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా కేంద్రమూ కలిసి ఈ పుస్తకానికి సవరించిన తెలుగు ప్రతి తేవాలని నా మనవి. స్కాన్ చేసిన పాత ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతోంది, హక్కుల పేచీ లేదు. డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర విద్యార్థులకు తలా ఒక మండలం అప్పగిస్తే ప్రాజెక్టు పని కిందా సరిపోతుంది. ముందు గుంటూరు, కృష్ణా డెల్టా ఊళ్లతో మొదలుపెట్టి, ఆ ముక్క వరకైనా వంద రూపాయల లోపు ధరకు అమ్మితే కొనేవాళ్లు ఉన్నారు. అందులో నేనొకణ్ని.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు,
తెనాలి