మాజీ సభ్యుల లాబీయింగ్‌కు ఏడాది విరామం చాలదు: అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన స్పీకర్ గారికి నమస్కారం.

పదవి దిగిన సెనేటర్ రెండేళ్ల దాకా కాంగ్రెస్‌లో లాబీయింగ్, అంటే డబ్బు తీసుకుని ఇతరుల తరఫున చట్టసభ్యుల్ని ఒప్పించే పని, చేయకూడదు. మీ సభవాళ్లకు మాత్రం ఏడాదే. 2007లో చట్టం మార్చినప్పుడు సెనేటర్ల గడువు పెరిగింది, మీ సభ్యులది పెరగలేదు. దాన్ని సరిచేయమని అడగడానికే ఈ లేఖ.

2003 నవంబరు 22 తెల్లవారుజామున, వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ మందుల బిల్లుపై ఓటింగును మీ సభ దాదాపు మూడు గంటలు సాగదీసింది. మామూలుగా పావుగంటలో అయిపోయే పని అది. చివరికి 220–215తో నెగ్గిన ఆ బిల్లు వృద్ధులకు మందుల బీమా తెచ్చింది, సంతోషమే. అయితే మందుల ధరలపై ప్రభుత్వం కంపెనీలతో బేరమాడకూడదన్న నిబంధనా అందులోనే ఉంది. బిల్లును ముందుండి నడిపినవాళ్లలో ఒకరు ఎనర్జీ అండ్ కామర్స్ కమిటీ ఛైర్మన్ బిల్లీ టోజాన్. 2005 జనవరిలో ఆయన సభ వదిలి, మందుల కంపెనీల సంఘం ఫార్మాకు అధ్యక్షుడయ్యారు. జీతం ఏడాదికి 20 లక్షల డాలర్ల దాకా అని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆయన చట్టం తప్పారని నేననడం లేదు. చట్టం దానికి అడ్డు రాలేదు, నా బాధంతా అదే.

బేరమాడే హక్కు మెడికేర్‌కు 2022 చట్టంతోగానీ రాలేదు. తొలి పది మందులకు కొత్త ధరలు 2026 జనవరిలో మొదలయ్యాయి. అందులో షుగర్ మందు జనువియా ఒకటి: నెలకు 527 డాలర్లున్న ధర 113కు దిగింది. షుగర్ ఉన్న పెద్దవాళ్లు మా తెలుగు ఇళ్లలో ఎంతమందో! ఇన్నేళ్లూ ఆ తేడా ఎవరి జేబులోంచి పోయింది, ఎవరి జేబులోకి చేరింది?

ఉన్న ఏడాది గడువూ గట్టిది కాదు. ఇతరుల తరఫున కాంగ్రెస్ సభ్యుల్ని, సిబ్బందిని నేరుగా సంప్రదించి ఒప్పించబోకూడదు, అంతే. తెర వెనక ఎవరిని ఎలా ఒప్పించాలో కంపెనీలకు చెప్పవచ్చు. ఒక క్లయింటు కోసం వెచ్చించే సమయంలో లాబీయింగ్ 20 శాతం కన్నా తక్కువైతే లాబీయిస్టుగా నమోదు కూడా అక్కర్లేదు. ఇందులో పార్టీల తేడా లేదు: సెనేట్‌లో డెమోక్రాట్ల నాయకుడు టామ్ డాషల్ 2004లో ఓడిపోయాక ఏళ్ల తరబడి సలహాదారుగానే కొనసాగి, 2016లో గానీ నమోదు చేసుకోలేదు.

గడువును కనీసం ఐదేళ్లు చేయండి. డబ్బు తీసుకుని ఇచ్చే తెర వెనక సలహానూ లాబీయింగ్ కిందే లెక్కగట్టండి. ఆ 20 శాతం మినహాయింపు తీసేయండి. ఈ సవరణలను సభలో ఎప్పుడు ఓటింగుకు పెడతారో తేదీ చెప్పండి.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు ఓటరు