చింతచెట్టూ మీ సారు స్పీచూ

చిట్టితల్లీ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వినగానే అనుకున్నాను, ఏదో నెత్తిన పడిందని. ఇంజనీర్స్ డేకి మీ సారు చదవాల్సిన ప్రసంగం నిన్ను రాయమన్నారు, అంతేగా! "విశ్వేశ్వరయ్య గారు 1861లో ముద్దెనహళ్లిలో పుట్టారని మొదలెడితే సగం హాలు ఫోన్లు తీస్తుంది నాన్నా" అన్నావు. తీస్తుంది మరి. ఆయన పుట్టినరోజే ఇంజనీర్స్ డే కాబట్టి ఏటా సెప్టెంబరు 15న అదే వాక్యం వింటున్నారు పాపం. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నాను.

సమాచార శాఖలో ఉండగా కలెక్టర్లకి ఎన్ని ఆగస్టు 15లు, ఎన్ని జనవరి 26లు రాశానో లెక్కలేదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక సారుకైతే తెలుగు ప్రసంగాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఇచ్చేవాళ్లం. 'ళ' దగ్గర ఆయనా మేమూ కలిసి తడబడేవాళ్లం. అది వేరే కథ.

కొత్తలో ఒకసారి నవంబరు 1కి రాయమన్నారు. పొట్టి శ్రీరాములు గారి ప్రాణత్యాగంతో 1956లో ఈ రాష్ట్రం ఏర్పడిందని ఒక్క వాక్యంలో తేల్చేశాను. కలెక్టరు గారు గంభీరంగా చదివారు, చప్పట్లు పడ్డాయి. మీటింగ్ అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, ఖద్దరు చొక్కా, చేతికర్ర, నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు. "బాబూ, ఆయన పోయింది 52 డిసెంబరు 15న. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది 53 అక్టోబరు 1న. ఆ తర్వాత మూడేళ్లకి గదా తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. మధ్యలో మా కర్నూలు రాజధానిని ఏం చేశావయ్యా?" అన్నారు. తిట్టినా బాగుండేది, నవ్వుతూ అడిగారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. అప్పట్నుంచీ ఏ తేదీ రాసినా దాని ముందు ఏం జరిగిందో, వెనక ఏం జరిగిందో చూడకుండా వదల్లేదు.

తేదీ దొరికింది కదా అని దండలా తీసుకెళ్లి ప్రసంగం మెడలో వెయ్యకు. దానికి ఒక పని అప్పజెప్పాలి. మన రాజ్యాంగం 1949 నవంబరు 26నే ఆమోదం పొందింది. మరి పూర్తిగా అమల్లోకి తేవడానికి రెండు నెలలు ఎందుకాగారు? 1930 నుంచి ఏటా జనవరి 26న జనం పూర్ణ స్వరాజ్య దినం జరుపుకున్నారు. తీరా స్వాతంత్ర్యం ఆగస్టు 15న వచ్చేసరికి పాపం ఆ తేదీకి పని లేకుండా పోయింది. దాన్ని వదిలెయ్యకుండా గణతంత్ర దినంగా మళ్లీ ఉద్యోగంలో పెట్టారు. ఆ ఇంగితం నాకు చాలా ఇష్టం.

అమెరికాలో మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఆగస్టు 28న లింకన్ స్మారకం ముందు నిలబడి, వందేళ్ల కిందటి మాటతో మొదలుపెట్టాడు. 1863లో లింకన్ బానిసల విముక్తి ప్రకటన చేశాడు, వందేళ్లైనా నల్లవాడికి స్వేచ్ఛ రాలేదన్నాడు. అక్కడ వంద అనే అంకె బాకీ చీటీలా పనిచేసింది. నేనొకసారి తెలుగు భాషా దినోత్సవానికి రాస్తూ ఒక సంగతి కనిపెట్టి గంతులేశాను. మన గిడుగు రామమూర్తి గారు పుట్టింది 1863 ఆగస్టు 29. కింగ్ ప్రసంగానికి నూరేళ్లకి ఒక్కరోజే తక్కువ! రాసేశాను కూడా. మీ అమ్మ చదివి, "అయితే ఏంటట?" అంది. కొట్టేశాను. రెండు తేదీలు పక్కపక్కన పడినంత మాత్రాన చుట్టాలైపోవు.

ఇక నీ ప్రసంగం. హైదరాబాద్‌ని ముంచిన మూసీ వరద ఎప్పుడొచ్చింది? 1908 సెప్టెంబరు 28, సోమవారం. మీ ఇంజనీర్స్ డేకి సరిగ్గా పదమూడు రోజుల దూరం. ఇవి మాత్రం చుట్టాలే. ఎగువన చెరువులు తెగాయి, నగరంలో వేలమంది పోయారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే విశ్వేశ్వరయ్య గారు వచ్చి, వరద నీటిని ఊరికి ఎగువనే పట్టి ఆపాలన్నారు. మూసీ మీద ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట చెరువు, 1920కి, ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927కి పూర్తయ్యాయి. ఊరిని ముంచిన నీళ్లే ఊరికి తాగునీళ్లయ్యాయి. నువ్వు రోజూ వాల్వులూ లీకేజీలూ చూసే నీటి సరఫరాకి మూలం అక్కడుంది. నీ హాల్లో కూర్చునేవాళ్లలో గండిపేట నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఎంతమంది ఉంటారో చూసుకో. ముద్దెనహళ్లి వాళ్లకి దూరం, గండిపేట కాదు.

ఎన్నేళ్లయిందో లెక్కగట్టి చెప్పకు. గుండ్రటి అంకె కాకపోతే అది చెవికి ఎక్కదు. "ఒక సోమవారం" అను, చాలు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు సంగతి పెట్టు. ఆ వరదలో దాని కొమ్మలు పట్టుకుని 150 మంది దాకా బతికారని చెబుతారు. ఏటా ఆ తేదీన కొందరు దాని కింద చేరి పోయినవాళ్లని తలుచుకుంటారు. చెట్టుతో మొదలుపెట్టి, చెరువుల మీదుగా మీ పంపుహౌసుకి రా. విశ్వేశ్వరయ్య గారు దారిలో తనంతట తనే కలుస్తారు. భారతరత్న, మైసూరు దివాన్‌గిరీ అన్నీ ఇరికించకు.

ఇంకోటి. సంవత్సరాన్ని అంకెల్లో రాయకు, "పంతొమ్మిది వందల ఎనిమిది" అని అక్షరాల్లో రాయి. మీ సారు మైకు ముందు టెన్షన్‌లో ఆగిపోతారు. రాశాక అల్లుడు గారి చేత పైకి చదివించు. ఆయనకి ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు ముక్కలు చెయ్యి.

రాయడానికి కూర్చునే ముందు ఒకసారి అఫ్జల్‌గంజ్ వెళ్లి ఆ చెట్టు చూసిరా. బుడ్డోణ్ణీ తీసుకెళ్లు. మానుని చుట్టి పట్టుకోవడానికి మీ ఇద్దరి చేతులు చాలతాయో లేదో ఫోన్ చేసి చెప్పు.

నాన్న